మోడలింగ్ యాంప్ కొనేముందు ఎలా పరీక్షించాలి

"సార్, ఏ యాంప్ కొనమంటారు?" గిటారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో వారానికి ఒకరిద్దరైనా ఇది అడుగుతారు. చాలామంది పేర్లు కూడా రాసుకునే వస్తారు: బాస్ కటానా 50, ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25, యమహా టీహెచ్‌ఆర్10, పాజిటివ్ గ్రిడ్ స్పార్క్. వాటిలో ఒకటి చెప్పి పంపేయడం తేలిక. కానీ మీ గిటారు వేరు, మీ గది వేరు, మీ చెయ్యి వేరు. అందుకే పేరు చెప్పకుండా, పరీక్షించే పద్ధతి చెబుతున్నాను.

నా మొదటి మోడలింగ్ యాంప్‌ను షాపులో వాళ్ల ఖరీదైన గిటారుతో, ఫ్యాక్టరీ ప్రీసెట్లతో (కంపెనీ ముందే చేసి పెట్టిన టోన్లతో) అరగంట వాయించి కొన్నాను. ఇంటికి తెచ్చి నా గిటారు తగిలించి, రాత్రి పూట పెట్టుకోగలిగినంత సౌండ్‌లో వింటే షాపులో విన్నది అందులో లేదు. యాంప్‌లో లోపమేమీ లేదు. నేను విన్నది వేరే గిటారు, వేరే గది, వేరే వాల్యూమ్. కింద చెప్పేవన్నీ ఆ తేడాను కొనకముందే పట్టుకోవడానికి.

సిద్ధాంతం ఈ మాత్రం చాలు: మోడలింగ్ యాంప్ మీ గిటారు సిగ్నల్‌ను అంకెలుగా మారుస్తుంది. ఫలానా ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే పాత రకం), ఫలానా స్పీకర్ బాక్స్ ఆ సిగ్నల్‌ను ఎలా మలుస్తాయో లెక్క కట్టి, మళ్లీ శబ్దంగా మార్చి వినిపిస్తుంది. అలా అనుకరించే ఒక్కో యాంప్‌ను మోడల్ అంటారు. ఆ లెక్క ఎంత బాగా కట్టిందో చెవితో పట్టుకోవాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి

- మీ సొంత గిటారు. ఇది లేకుండా వెళ్లొద్దు. తీగలు మరీ పాతవైతే రెండు రోజుల ముందు మార్చండి.
- మీరు రోజూ వాడే కేబుల్, పిక్.
- వైరున్న హెడ్‌ఫోన్, దానికి పెద్ద జాక్ కన్వర్టర్.
- ఆయా యాంపుల యాప్‌లు ముందే ఎక్కించుకున్న ఫోన్. శబ్దం డెసిబెల్స్‌లో కొలిచే ఉచిత యాప్ ఒకటి.
- వీలైతే ల్యాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్.
- చిన్న నోటు పుస్తకం.
- ఒక స్నేహితుడు. గిటారు రాకపోయినా ఫర్వాలేదు, నాబులు తిప్పితే చాలు.

ఎవరి దగ్గరైనా లూపర్ పెడల్ ఉంటే అరువు తెచ్చుకోండి. ఒకే బిట్టును రికార్డు చేసి అన్ని యాంపుల్లోకీ పంపితే, మీ వాయింపులో తేడాలు లెక్కలోకి రావు. మీటినప్పుడు చేతికి ఎలా అనిపిస్తుందో మాత్రం లూపర్ చెప్పదు, కాబట్టి వాయించి చూడటం కూడా తప్పదు.

షాపుకు మామూలు రోజున, ఉదయం వెళ్లండి. ఆదివారం సాయంత్రం పక్కన ఇంకొకరు డ్రమ్స్ వాయిస్తుంటే ఈ పరీక్షల్లో సగం పనికిరావు.

1. ఎక్కడ వాయిస్తారో ముందు తేల్చుకోండి

పడగ్గదా, అపార్ట్‌మెంట్ హాలా, చర్చి ఆరాధనా, కాలేజీ బ్యాండా? ఎక్కువ సమయం ఎక్కడ గడుస్తుందో అది రాసుకోండి. ఏడాదికి ఒక్కసారి వచ్చే స్టేజి షో కోసం రోజూ వాడే యాంప్‌ను ఎంచుకోవద్దు.

వాట్ల దగ్గర చాలామంది తడబడతారు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. 50 వాట్ల యాంప్‌కూ 100 వాట్ల యాంప్‌కూ మీరనుకున్నంత దూరం లేదు. ట్యూబ్ వాట్లనూ డిజిటల్ వాట్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా కుదరదు. ఫెండర్ డీలక్స్ రివర్బ్ అసలు ట్యూబ్ యాంప్ 22 వాట్లు. 2019లో వచ్చిన దాని డిజిటల్ రూపం టోన్ మాస్టర్‌లో, ఆ ఊపు రావడానికి 100 వాట్ల పవర్ యాంప్ పెట్టాల్సి వచ్చింది.

ఇంట్లో వాడకానికి వాట్ల కంటే స్పీకర్ సైజు ముఖ్యం. ఎల్‌టీ25లో 8 అంగుళాలది ఒకటి, కటానా 50లో 12 అంగుళాలది ఒకటి, స్పార్క్ 40లో 4 అంగుళాలవి రెండు, టీహెచ్‌ఆర్10 టూలో ఇంకా చిన్నవి రెండు. చిన్న స్పీకర్లున్నవి పాటలు వినడానికీ బాగుంటాయి, బల్ల మీద సరిపోతాయి. డ్రమ్స్ పక్కన మాత్రం గిటారు వినిపించదు.

2. స్విచ్ వేయకముందు వెనక వైపు చూడండి

అమెరికాలో ఉన్న అన్నయ్యో, బావో తెస్తానంటే ఇది తప్పకుండా చదవండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. యాంప్ వెనక "120 వోల్ట్స్" అని మాత్రమే రాసి ఉంటే ఇక్కడి ప్లగ్గులో పెట్టిన క్షణంలో ఫ్యూజు పోవచ్చు, లోపల బోర్డు కూడా కాలిపోవచ్చు. అడాప్టర్‌తో నడిచేదైతే అడాప్టర్ మీద "100-240" అని ఉందేమో చూడండి, ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 మాత్రమే అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. దాని ఖరీదు, బరువు, అక్కడి వారంటీ ఇక్కడ పనిచేస్తుందా అన్నది, అన్నీ కలిపి లెక్క వేయండి. గల్ఫ్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా నుంచి తెచ్చేవాటికి సాధారణంగా ఈ ఇబ్బంది లేదు. అయినా లేబుల్ ఫోటో తీసి పంపమని అడిగాకే డబ్బు పంపండి.

హెచ్చరిక: మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టడం చేయొద్దు. గిటారు తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేని యాంప్‌లో లోపం వస్తే షాక్ మీ వేళ్లకే తగులుతుంది.

3. ఎఫెక్టులన్నీ ఆఫ్ చేసి మొదలుపెట్టండి

ఫ్యాక్టరీ ప్రీసెట్లు షాపులో మెప్పించడానికి చేసినవి. బోలెడంత రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని), డిలే (స్వరం కాస్త ఆగి మళ్లీ వినబడటం), స్టీరియో వెడల్పు కలిపి ఉంటాయి. ఆ పూతలు తీసేయాలి:

- రివర్బ్, డిలే, కోరస్ అన్నీ ఆఫ్.
- నాయిస్ గేట్ (సిగ్నల్ బాగా తగ్గగానే శబ్దాన్ని మూసేసేది) ఆఫ్. కొన్ని ప్రీసెట్లలో ఇది లోపల దాగి ఉంటుంది, యాప్‌లోనో మెనూలోనో వెతకండి.
- బాస్, మిడిల్, ట్రెబుల్ గడియారంలో 12 దగ్గర.
- గిటారు వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా పైకి.

యాంప్‌ను నేల మీద పెట్టి నిలబడి వినొద్దు. గిటారు స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైటులా ఎదురుగా కొడుతుంది. నేల మీద ఉంటే అది మీ మోకాళ్లకు తగులుతుంది, చెవికి మొద్దుగా వినబడుతుంది. కుర్చీ మీద పెట్టించి, ఎదురుగా కూర్చుని, ఒక మీటరు దూరం నుంచి వినండి.

4. వాల్యూమ్ సమానం చేయండి

ఈ ఒక్క అడుగు వదిలేస్తే మిగతా పరీక్షలన్నీ వృథా. రెండు యాంపుల్లో కాస్త గట్టిగా మోగేదే మన చెవికి మేలనిపిస్తుంది. ఆ తేడా ఒక డెసిబెల్ ఉన్నా చెవి మోసపోతుంది, తేడా ఉందన్న సంగతి కూడా తెలియదు.

ఫోన్‌ను మీ చెవి ఉండే చోట పెట్టి, ఒకే కార్డును ఒకే బలంతో మీటుతూ, రెండు యాంపులూ ఒకే అంకె చూపేలా సర్దండి. ఫోన్ చూపే అంకె అసలు విలువకు కొంత అటూ ఇటూ ఉండొచ్చు. పోలికకే కాబట్టి నష్టం లేదు. మోడల్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. విసుగే, కానీ మానొద్దు.

5. క్లీన్ టోన్: ఒక్క స్వరం మీటి ఆగండి

క్లీన్ (పగులు లేకుండా మోగే) మోడల్ పెట్టి మూడో తీగ మీద ఒక స్వరం మీటి చెయ్యి కదపకుండా ఉండండి. చివరి వరకూ వినండి. గంట మోగి ఆగినట్టు మెల్లగా సన్నగిల్లాలి. చివర్లో గరగరలాడినా, ఎవరో కత్తిరించినట్టు టక్కున తెగినా ఆ విషయం రాసుకోండి. టక్కున తెగితే ముందు గేట్ నిజంగా ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే లోపం మోడల్‌దే.

తర్వాత మీ చేతికి బాగా అలవాటైన బిట్టు వాయించండి. మన సినిమా పాటల్లోని ఆర్పెజియోలైనా సరే, మోహన రాగంలో నాలుగు సంగతులైనా సరే. మోహనం స్వరాలు గిటారువాళ్లు మేజర్ పెంటటోనిక్ అనే స్కేలే, కాబట్టి చెయ్యి వెతుక్కోదు. జారుళ్లు, గమకాలు వేసేటప్పుడు స్వరం నుంచి స్వరానికి వెళ్లే దారి స్పష్టంగా వినబడాలి.

6. అసలు పరీక్ష: గిటారు వాల్యూమ్ నాబ్

సమయం ఒక్క పరీక్షకే ఉంటే ఇదే చేయండి.

క్రంచ్ రకం (కొద్దిగా పగిలినట్టు మోగే) మోడల్ ఏదైనా ఎంచుకుని, ఆ పగులును పెంచే గెయిన్ నాబ్‌ను గట్టిగా మీటితే పగిలేంత పెట్టండి. గిటారు వాల్యూమ్ 10లో వాయించండి, తర్వాత 7, తర్వాత 4. మంచి మోడల్‌లో పగులు కొద్దికొద్దిగా తగ్గుతూ 4 దగ్గర దాదాపు క్లీన్ అవుతుంది. బాగా కట్టని మోడల్‌లో శబ్దం చిన్నదవుతుంది కానీ అదే పగులు అలాగే ఉంటుంది. లేదా ఒక చోట వరకూ పగిలి, అక్కడి నుంచి ఒక్కసారిగా క్లీన్‌లోకి దూకుతుంది.

ఇదే పనిని వాల్యూమ్ తగ్గించకుండా మీటే బలంతో చేయండి. బొటనవేలి కండతో మెల్లగా, తర్వాత పిక్‌తో మామూలుగా, తర్వాత గట్టిగా. మూడూ మూడు రకాలుగా పలకాలి. కళ్లు మూసుకుని మీ స్నేహితుడు వింటే, ఎప్పుడు మెల్లగా మీటారో ఎప్పుడు గట్టిగా మీటారో శబ్దం రంగును బట్టే చెప్పగలగాలి.

ఒక జాగ్రత్త. వాల్యూమ్ తగ్గించగానే ట్రెబుల్ పోయి మొద్దుబారితే వెంటనే యాంప్‌ను తప్పుపట్టొద్దు. చాలా గిటార్లలో వాల్యూమ్ నాబ్ తిప్పితే ట్రెబుల్ కొంత పోవడం సహజం. పక్కనున్న ఇంకో యాంప్‌లో కూడా అలాగే ఉంటే కారణం గిటారే.

7. గెయిన్ పెంచి, లోపాలు వెతకండి

మొదట పవర్ కార్డ్ (రెండు స్వరాలదే), తర్వాత పూర్తి జీ మేజర్, తర్వాత ఏ మైనర్ సెవెన్. పవర్ కార్డ్ ఏ యాంప్‌లోనైనా బాగానే ఉంటుంది. మైనర్ సెవెన్‌లో నాలుగు స్వరాలూ విడివిడిగా తెలుస్తున్నాయా, లేక ముద్దైపోయాయా? గెయిన్ ఎక్కువైతే అసలు ట్యూబ్ యాంప్‌లోనూ ముద్దవుతుంది, కాబట్టి సగం దగ్గర పెట్టి చూడండి.

ఇప్పుడు డిజిటల్‌కు మాత్రమే ఉండే లోపం. గెయిన్ బాగా పెంచి, మొదటి తీగ మీద 15వ ఫ్రెట్ పైన ఎక్కడైనా మీటి మెల్లగా పైకి బెండ్ చేయండి. మీ స్వరం పైకి వెళ్తుంటే, దాని వెనక సన్నగా ఇంకో శబ్దం కిందికి దిగుతున్నట్టు వినిపిస్తోందా? డిజిటల్ లెక్కకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన పైశ్రుతులు (స్వరంతోపాటు సన్నగా మోగే పై స్వరాలు) మడతపడి కిందికొచ్చి, రాగానికి సంబంధం లేని చోట వినబడతాయి. దీన్ని ఎలియాసింగ్ అంటారు. స్పీకర్‌లో తెలియకపోతే హెడ్‌ఫోన్‌లో చూడండి, అక్కడ దాక్కోలేదు. క్లీన్, క్రంచ్ మాత్రమే వాయించేవాళ్లకు ఇది అంత ముఖ్యం కాదు. మెటల్, లీడ్ వాయించేవాళ్లు మాత్రం పది నిమిషాలు దీనికే కేటాయించాలి.

8. ఆలస్యం ఉందేమో చూడండి

తీగలన్నీ ఎడమచేత్తో మూసి, కుడిచేత్తో వేగంగా చకచకా కొట్టండి. చేతికీ శబ్దానికీ మధ్య సాగినట్టు అనిపిస్తే ఆలస్యం ఉన్నట్టే. శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. అంటే 3 మిల్లీసెకన్ల ఆలస్యం, యాంప్‌కు ఇంకో మీటరు వెనక్కి జరిగి వాయించడంతో సమానం. అంతవరకూ దిగులు లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం దీనికి పనికిరాదు. అందులో ఆలస్యం చాలాసార్లు 100 మిల్లీసెకన్లు దాటుతుంది, తాళం తప్పుతుంది. యాంప్‌లో ఉండే బ్లూటూత్ ఫోన్ నుంచి పాట పెట్టుకోవడానికి, యాప్‌తో కలపడానికి. "బ్లూటూత్ ఉంది కదా, వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌తో వాయించుకోవచ్చు" అనుకుని కొన్నవాళ్లను చాలామందిని చూశాను.

9. మీ ఇంటి వాల్యూమ్‌లో వినండి

సౌండ్‌ను మీరు రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పెట్టుకునేంతకు దించండి. మాట్లాడుకుంటే మాట వినబడేంత. తక్కువ శబ్దంలో మన చెవికి బాస్, ట్రెబుల్ తగ్గి వినబడతాయి. అందుకే ఏ యాంప్ అయినా కొంత పలచబడుతుంది. ఆ స్థితిలో కూడా వాయించాలనిపిస్తోందా అన్నదే ప్రశ్న.

నాబ్‌ను కొంచెం కదిపితే చాలు సున్నా నుంచి ఒక్కసారిగా గట్టిగా మోగే యాంపులు ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో ఇది రోజూ ఇబ్బందే. కటానా 50లో పవర్‌ను 0.5, 25, 50 వాట్లకు మార్చే స్విచ్ ఉంది. ఇలాంటి ఏర్పాటు ఉంటే అన్ని స్థాయిల్లోనూ వాయించి చూడండి.

తర్వాత షాపువాళ్ల అనుమతితో రెండు నిమిషాలు గట్టిగా పెట్టండి. ఏ తీగ దగ్గరైనా డబ్బా గలగలమంటోందా? స్పీకర్ గరగరలాడుతోందా? బ్యాండ్‌లో వాయించేవాళ్లకు ఇంకో మాట: ఇంట్లో తక్కువ శబ్దంలో చేసుకున్న ప్రీసెట్ స్టేజి మీద బాస్ ఎక్కువై గుమ్మంటుంది. స్టేజికి వేరే ప్రీసెట్ చేసుకోవాలి, అందుకు మెమొరీలో ఖాళీ ఎంతుందో చూడండి.

10. శబ్దం లేనప్పుడు వినండి

గేట్ ఆఫ్‌లోనే ఉంచి, గెయిన్ ఎక్కువ పెట్టి, తీగలు మూసి పట్టుకోండి. బుర్‌మనో స్‌స్ అనో వస్తుంది. ఎవరిదో తేల్చడం సులువు:

- గిటారు వాల్యూమ్ సున్నా చేయండి. శబ్దం పోతే అది పికప్పులు (తీగల కింద ఉండే అయస్కాంతాలు, తీగ చుట్టలు) పట్టుకున్నది. పోకపోతే యాంప్‌దో, కేబుల్‌దో, కరెంటు లైనుదో.
- పికప్‌దైతే, కూర్చున్న చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున తగ్గితే గదిలో ఏదో దాన్ని పుట్టిస్తోంది. పాత ట్యూబ్‌లైట్ చోకు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ మామూలు కారణాలు. ఫ్యాన్ ఆపించి చూడండి.

సింగిల్ కాయిల్ (పికప్‌లో ఒకే తీగ చుట్ట ఉన్న) గిటారులో కొంత హమ్, అంటే ఆ బుర్‌మనే శబ్దం, ఏ యాంప్‌లోనైనా ఉంటుంది. ఆ తప్పు యాంప్ మీద వేయొద్దు.

11. ఫోన్ లేకుండా వాయించి చూడండి

ఫోన్ జేబులో పెట్టేయండి. యాంప్ మీదున్న నాబులతోనే క్లీన్ నుంచి లీడ్‌కు, లీడ్ నుంచి క్లీన్‌కు వెళ్లగలుగుతున్నారా? స్పార్క్ లాంటివాటిలో చాలా సౌకర్యాలు యాప్‌లో ఉంటాయి. కటానాలో లోతుగా మార్పులు చేయాలంటే టోన్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ తెరవాలి. కొందరికి అది ఇష్టం, కొందరికి నెలలో విసుగొస్తుంది. మీరే రకమో మీకే తెలుసు.

ఒక టోన్ చేసి సేవ్ చేసి, యాంప్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అది అక్కడే ఉందా? స్వరం మోగుతుండగానే ప్రీసెట్ మార్చండి. మధ్యలో శబ్దం తెగిపోయే ఖాళీ ఎంత? చర్చిలోనో బ్యాండ్‌లోనో పాట మధ్యలో మార్చేవాళ్లకు ఆ ఖాళీ ముఖ్యం. ఫుట్‌స్విచ్ పెట్టెలో వస్తుందా, విడిగా కొనాలా అడగండి. విడిగా అయితే దాని ధర యాంప్ ధరలో కలపండి.

12. హెడ్‌ఫోన్, మిక్సర్, రికార్డింగ్

హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్ ఆగాలి. గెయిన్ ఉన్న టోన్ చెవిలో ఈగల గుంపులా జుయ్‌మంటే స్పీకర్ బాక్స్ మోడలింగ్ సరిగా లేదని అర్థం. స్పీకర్లో బాగుండి హెడ్‌ఫోన్‌లో దారుణంగా ఉండే యాంపులు ఉన్నాయి. రాత్రిళ్లు వాయించేవాళ్లు ఈ పరీక్షకే ఎక్కువ మార్కులు వేయాలి.

మిక్సర్‌కు కలిపేవాళ్లు లైన్ అవుట్ (సిగ్నల్‌ను బయటికి పంపే జాక్) ఉందా అని అడగండి. లేకపోతే హెడ్‌ఫోన్ జాక్ నుంచే తీయాలి, అప్పుడు చాలా యాంపుల్లో స్పీకర్ ఆగిపోతుంది, స్టేజి మీద మీకు మీరు వినబడరు. ల్యాప్‌టాప్ తెచ్చి ఉంటే యూఎస్‌బీతో ఒక నిమిషం రికార్డు చేసి ఇంటికి పట్టుకెళ్లండి.

13. చూడకుండా ఎంచుకోండి

చివరికి రెండు మిగులుతాయి. వెనక్కి తిరిగి కూర్చోండి. స్నేహితుడు వాల్యూమ్ సమానం చేసి, చెప్పకుండా కేబుల్ అటూ ఇటూ మారుస్తుంటే మీరు వాయించి "ఇది బాగుంది" అనో "ఇది వద్దు" అనో చెప్పండి, ఆయన రాసుకుంటారు. ఆరుసార్లు చేయండి. ఆరింటిలో ఐదు ఒకదానికే పడితే అదే తీసుకోండి. మూడూ మూడూ వస్తే శబ్దంలో మీకు తేడా లేదన్నమాట, ధర, బరువు, సర్వీస్ సెంటర్ దూరం చూసి తేల్చుకోండి.

ఆ రోజే కొనకండి. గంటసేపు గెయిన్ విన్న చెవి అలసిపోతుంది. మర్నాడు వెళ్లి పది నిమిషాలు వాయించి కొనండి.

దగ్గర్లో షాపు లేకపోతే

మన జిల్లాల్లో చాలామంది పరిస్థితి ఇదే. వీడియోలు చూసి కొంటారు, కానీ వీడియోలో వినేది యాంప్ ఒక్కటే కాదు: మైకు, గది, ఎడిటింగ్, మీ ఫోన్ స్పీకర్ అన్నీ కలిసింది. వెనక పాట లేకుండా ఒక్క గిటారే వాయించిన వీడియోలు వెతకండి, హెడ్‌ఫోన్‌లో వినండి. గిటారు వాల్యూమ్ తగ్గించి చూపించినవైతే ఇంకా మేలు. కంపెనీ సైటులో మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. అది చదివితే మెమొరీలెన్ని, లైన్ అవుట్ ఉందా, యాప్ లేకుండా ఏం చేయొచ్చు అన్నవి తెలిసిపోతాయి. ఎవరింట్లోనైనా ఆ మోడల్ ఉంటే బస్సెక్కి వెళ్లి వాయించి రండి, చార్జీలు దండగ కావు.

ఆర్డర్ చేసేముందు వెనక్కి పంపే గడువు ఎన్ని రోజులో, రవాణా ఖర్చు ఎవరిదో చదవండి. పెట్టె తెరిచేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి. 3 నుంచి 12 వరకూ అడుగులన్నీ గడువు లోపలే, ఇంట్లోనే చేయండి.

పాత యాంప్ కొంటుంటే

కేబుల్ జాక్‌లో పెట్టి మెల్లగా కదపండి, గరగరలాడితే జాక్ వదులైంది. ప్రతి నాబ్ తిప్పి చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. యాప్ ఇప్పటి మీ ఫోన్‌లో ఎక్కి యాంప్‌తో కలుస్తోందో లేదో మీ కళ్లముందే చూడండి. అడాప్టర్ అసలుదేనా? వోల్టులు సరిపోయినా, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది తేడా ఉంటే యాంప్ చెడిపోవచ్చు. రెండిటి మీదా ఉండే గుర్తు పోల్చండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మోడళ్ల సంఖ్య చూసి కొనడం. వంద మోడళ్లున్నా ఏడాది తర్వాత మీరు వాడేవి మూడో నాలుగో ఉంటాయి, ఆ నాలుగు బాగుంటే చాలు. గెయిన్ ఎక్కువ పెట్టి పరీక్షించడం ఇంకోటి. గెయిన్ ఎక్కువైతే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా వినబడుతుంది, మోడల్ బలహీనత దాగిపోతుంది. రివర్బ్ తీయకుండా క్లీన్ టోన్‌ను మెచ్చుకోవడం చాలా మామూలు. షాపులో ఎవరో బాగా వాయిస్తుంటే విని ఆ యాంప్ కొనేయడం కూడా చూశాను, ఆ శబ్దంలో ఎక్కువ భాగం ఆయన చేతిది.

ఇంటికొచ్చాక

మొదటి రోజే రెండు గంటలు ఆపకుండా ఆన్‌లో ఉంచండి. వేడెక్కాక కొత్త శబ్దాలు వస్తున్నాయా, దానంతట అది ఆగిపోతోందా గమనించండి. ఇన్వర్టర్ మీద కూడా నడిపి చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లలో జుయ్‌మనే శబ్దం రావచ్చు, అది యాంప్ లోపం కాదు. అయినా కరెంటు పోయినప్పుడు వాయించే అలవాటుంటే మీకు తెలియాలి. షాపులో రాసుకున్న నాబ్ స్థానాలే పెట్టి, అదే బిట్టు వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. వారం తర్వాత మళ్లీ అలాగే రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. కొత్త గరగర కానీ, తగ్గిన శబ్దం కానీ కనబడితే గడువు అయిపోకముందే ఆ రెండు రికార్డింగులూ షాపుకు పంపండి.